దిగి రమ్మనని కొండ

పొద్దున్నే వదిన కుట్టుమిషన్ దగ్గర కూర్చుని ఎవరి పిల్లదో స్కూలు యూనిఫాం అంచు మడుస్తోంది. ప్రొఫెసరమ్మ టీ కప్పుతో వచ్చి పక్కన నిలబడింది. వీధిలో అందరూ ఆమెని పిలిచేది అలాగే. దేశాలు యుద్ధాల్లోకి ఎలా దిగుతాయో, ఎలా బయటపడతాయో యూనివర్సిటీలో పాఠం చెబుతుంది. ఆ చదువు వైపు ఆమెని నెట్టింది అన్నయ్య చావే. ఇరవై రెండేళ్ల కిందట సరిహద్దు కొండమీద, కాపలా పోస్టులో, పదిమంది జవాన్లతో పాటు పోయాడు. అప్పటినుంచీ వదినా ఆడపడుచూ ఒకే ఇంట్లో ఉంటున్నారు.

"కాస్త మిషన్ ఆపుతావా వదినా?"

"చెవులు ఖాళీగానే ఉన్నాయిగా, చెప్పు."

"నా పుస్తకం వచ్చేవారం అచ్చుకి వెళ్తోంది. అందులో అన్నయ్య వాళ్ల పోస్టు గురించి ఉంది."

వదిన మొహం విప్పారింది. "ఇన్నాళ్లకి రాశావన్నమాట! ఎంత ధైర్యంగా నిలబడ్డారో బాగా రాశావా?"

ప్రొఫెసరమ్మ టీ కప్పు కింద పెట్టింది. ఎలాగో ధైర్యం కూడదీసుకుని చెప్పింది. పాత ఫైళ్లు ఈమధ్యే చూడనిచ్చారు. పోస్టు ఖాళీ చేసి దిగి రమ్మనే ఉత్తర్వు దాడికి రెండ్రోజుల ముందే తయారైంది. అవతలి దేశంతో చర్చలు నడుస్తున్నాయి, ఇప్పుడు వెనక్కి తగ్గితే లోకువైపోతామని పైవాళ్లు దాన్ని పంపకుండా ఆపేశారు. ఆర్నెల్ల తర్వాత ఒప్పందంలో ఆ పైవాళ్లే ఆ కొండని అవతలి దేశానికి వదిలేశారు.

మిషన్ ఆగిపోయింది.

"అంటే, మీ అన్నయ్య ఊరికే పోయారంటావా?"

"వదినా..."

"వీరుడి భార్యనని తలెత్తుకు తిరిగాను. నీ పుస్తకం కోసం అది కూడా లాక్కుంటావా?"

"ఆ కాగితం దొరికి మూడు నెలలైంది. నీ ఎదురుగా కూర్చుని ముద్ద మింగలేకపోతున్నాను. నీకంత కష్టమైతే ఆ భాగం తీసేస్తాను."

వదిన లేచి లోపలికి వెళ్లింది. బీరువా తలుపు చప్పుడైంది. తిరిగొచ్చి, మడతల దగ్గర చిరిగిన ఉత్తరం ఒకటి చేతిలో పెట్టింది. "మీ అన్నయ్య పోయాక వారానికి వచ్చింది. చదువు."

అన్నయ్య దస్తూరీయే. 'సామాను సర్దుకోమన్నారు. ఉత్తర్వు రాగానే దిగేస్తాం. ఈసారి నెల రోజులు నీ దగ్గరే.'

"ఎవరికీ చూపించలేదు," అంది వదిన. "వస్తానని రాసిన మనిషి ఎందుకు రాలేదు? నాకన్నా ఆ కొండే ఎక్కువైందేమో, కావాలనే ఉండిపోయారేమో అనుకున్నాను. అందరూ వీరుడంటుంటే తలూపుతూనే, లోపల్లోపల తిట్టుకున్నాను. ఇరవై రెండేళ్లు!"

ప్రొఫెసరమ్మ కింద కూలబడి ఆమె మోకాళ్లు పట్టుకుంది.

"ఒక్కక్షరం తీసెయ్యకు. ఈ ఉత్తరం కూడా వేయించు," అంటూనే వదిన భోరుమంది. "రావాలనే అనుకున్నారే! పాపం, పెట్టె సర్దుకుని రమ్మనే పిలుపు కోసం కూర్చున్నారే..."