రాళ్లగుట్ట కాడ చిమటా

ఒమాన్‌లో రుస్తాఖ్ దాటి మా సైట్‌కి పోయే దారిలో ఒక రాళ్లగుట్ట ఉంది. ఏనాటిదో సమాధి. పొద్దుగూకితే అటు మేకలు కూడా పోవంటాడు మేకలు కాసే అబ్దుల్ వహాబ్. ఆ మధ్య మస్కట్ తెల్లోళ్లు కొందరు — ఉద్యోగాలు వేరే, తవ్వకాలు శుక్రవారం సరదా — దాంట్లోంచి ముళ్లు పీకే కంచు చిమటా, గడ్డం గీసే కత్తి, గుబిలి తీసే పుల్ల పట్టుకుపోయారు. ఇక గుట్ట పేరు మరీ చెడింది.

మేకల్ని నమ్మకపోయినా మా రూమ్ భీమన్నని నమ్మాలట. సరే, ఆయన చెప్పిందే చెప్తాను.

ఆ రాత్రి భీమన్న ఇండియా పోవాలి. చెల్లె పెండ్లి. ఎన్నేళ్లకో దొరికిన సెలవు. క్యాంపు నుంచి ఎయిర్‌పోర్టు పికప్ రాత్రి ఇషా నమాజు కాగానే కదుల్తుంది — ఎవరికోసమూ ఆగదు. ఫోర్‌మన్ మాత్రం స్లాబ్ అయ్యేదాకా వదల్లేదు. వదిలేసరికి చీకటి. టార్చిలో సెల్లులు ఖతం. తిట్టుకుంటూ ఉరికాడు...

సరిగ్గా గుట్ట కాడ — తుమ్మముల్లు! చెప్పుని చీల్చుకుని మడమలోకి.

కూలబడ్డాడు. గోళ్లతో గీకాడు. మొలతాడుకున్న పిన్నీసుతో పొడిస్తే అదీ వంగింది. దూరంగా పికప్ హారన్...

"థూ! నువ్వు గూడ ఫోర్‌మన్ చుట్టానివేనా?" ముల్లునే తిట్టాడు.

అప్పుడు... ఎవరో ఎదురుగా కూర్చున్నారు.

తెల్లబట్ట. చల్లటి వేళ్లు మడమ పట్టుకున్నాయి. అబ్దుల్ వహాబే అనుకున్నాడు. ఇక్కడి ముసలోళ్ల నడుముకి ముల్లు తీసే చిమటా ఉండనే ఉంటుంది.

"జల్దీ, బాబా... జల్దీ..."

ఆ చెయ్యి నడుము తడుముకుంది. కుడివైపు... ఎడమవైపు... మళ్లీ కుడివైపు. పెద్ద నిట్టూర్పు — భీమన్న కంటే విసుగ్గా.

"చిమటా నై... అంగ్రేజ్ లేగయా. ఉస్తరా భీ."

చిమటా తెల్లోడు పట్టుకుపోయాడట. కత్తి కూడానట!

ఆ తల మెల్లగా మడమ మీదికి వంగింది... అంతే. భీమన్నకి తెలివొచ్చేసరికి ఉరుకుతున్నాడు. కదిలే పికప్ వెనక తొట్టిలోకి దూకాడు. పెండ్లి అందింది.

సెలవు నుంచి వచ్చాక ఇదంతా చెప్తే పడీపడీ నవ్వాను.

"అంత పాత దయ్యానికి హిందీ ఎట్లొచ్చిందే, అన్నా?"

"గల్ఫ్‌ల ఉన్నోనికి హిందీ రాకుంటె ఎట్లరా?"

"మరి ముల్లు?"

"పికప్‌ల కూసొని చూస్తె లేదు."

"ఉరుకుతుంటే రాలిపోయుంటది."

"నేను గూడ అట్లనే అనుకున్న..."

భీమన్న కాలు లైటు కిందికి జరిపాడు. మడమ మీద ముల్లు దిగిన మచ్చ. దాని చుట్టూ, అటు నాలుగు... ఇటు నాలుగు...

పంటిగాట్లు.