ఇంటి నంబరు లేని సంచి

మొదటివాడు నవంబరులో పోయాడు. ఉదయం ఏడున్నరకి, టోక్యో రైలు కోసం ప్లాట్‌ఫామ్ మీద వరసలో నిలబడి కుప్పకూలాడు. రైలు వచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. వెనకున్నవాళ్ళు అతన్ని తప్పుకుని ఎక్కారు.

గుండెపోటని ఆసుపత్రి రాసింది. మూడు వారాల తర్వాత గూఢచార డిపార్ట్‌మెంట్ ల్యాబ్ ఆ మాట కొట్టేసింది. విషం. ఒక్క చుక్క ఒంట్లోకి వెళ్తే నాలుగు నిమిషాలు. ఎలా వెళ్ళిందో మాత్రం ల్యాబ్ చెప్పలేకపోయింది.

ఆ రోజు అతనికి కాపలాగా ఇరవై అడుగుల దూరంలో నిలబడ్డవాడు ఏజెంట్ ఉజీహారా.

డిసెంబరులో చీఫ్ నగాకురా అతన్ని పిలిచాడు.

"రెండో సాక్షి పేరు షినోజుకా. జలాంతర్గాముల సోనార్ ఇంజనీరు. విదేశీ ముఠాకి డ్రాయింగులు అమ్ముతున్న ముగ్గురెవరో అతనికి తెలుసు. సాక్ష్యం పోగుచెయ్యడానికి మార్చి దాకా టైమడిగాడు. అప్పటిదాకా అతను బతకాలి."

"ఎక్కడుంటాడు?"

"మిదోరినో. టోక్యోకి రైల్లో గంటా పది నిమిషాలు. అతని ఎదురిల్లు అద్దెకి తీసుకున్నాం. నువ్వు ఇన్సూరెన్స్ ఆఫీసు గుమాస్తావి. రేనా నీ పెళ్ళాం."

"ఆయుధం?"

"నెక్‌టై," అన్నాడు చీఫ్. "అక్కడ ఇంకేమున్నా కనపడిపోతుంది."

రేనా డిపార్ట్‌మెంట్‌లో పేరున్న మనిషి. ఐదు భాషలు మాట్లాడుతుంది. మకావ్‌లో ఒక ఆయుధాల వ్యాపారి పక్కన పట్టు గౌనులో కూర్చుని, ముత్యాల హారంలో కెమెరాతో అతన్ని పట్టించింది. మిదోరినోలో ఏప్రన్ కట్టుకుని వాకిలి ఊడ్చింది. ఏప్రన్‌లోనూ జనం ఆమెని రెండోసారి తిరిగి చూశారు.

మిదోరినోలో ఏమీ జరగదు. ఆరూ నలభై నుంచి ఏడూ ఇరవై దాకా గేట్లు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. తర్వాత పరుపులు దులిపే చప్పుడు. సాయంత్రం ఐదింటికి, పిల్లలు ఇళ్ళకి పొమ్మని లౌడ్‌స్పీకర్‌లో పాట. రెండు వారాలకి ఉజీహారా గేటు చప్పుడుని బట్టి ఏ ఇల్లో చెప్పగలిగాడు. నెలకి అతనికి భయం పట్టుకుంది.

ఈ సందులోకి కొత్తవాడొస్తే పది ఇళ్ళకీ తెలుస్తుంది. కాబట్టి చంపేవాడు కొత్తవాడు కాడు. రోజూ పలకరించేవాళ్ళలో ఒకడు.

నేమ్‌ప్లేటు వెనక కెమెరా బిగించాడు. కుక్కని తిప్పే మనిషి, పెరుగు సీసాలు వేసే ఆమె, గ్యాస్ మీటరు చూసే కుర్రాడు. అందరూ వంగి నమస్కారం పెట్టారు. అందరూ ఎండ గురించి, చలి గురించి మాట్లాడారు. ఉజీహారా ఆరు కిలోలు తగ్గాడు.

"ఎవరో మెడ మీద ఊపిరి వదులుతున్నట్టుంది," అన్నాడొకసారి రేనాతో.

"మీకు నిద్ర చాలట్లేదండీ," అంది రేనా. తలుపులు వేసుకున్నాక కూడా ఆమె పెళ్ళాం గొంతుతోనే మాట్లాడేది.

మార్చి వచ్చింది. దేవదారు పుప్పొడి గాలిలో లేచింది, కళ్ళ దురదలు, తుమ్ములు మొదలయ్యాయి. ఊరంతా మాస్కులు వేసుకుంది. షినోజుకా సాక్ష్యం చెప్పాల్సిన రోజు వచ్చింది. ఉదయం పది గంటలకి డిపార్ట్‌మెంట్‌లో. ఎవరికీ అనుమానం రాకుండా ముందు రోజూలాగే ఆఫీసుకి వెళ్ళి, అక్కణ్ణుంచి రావాలి.

ఆరూ నలభై ఎనిమిదికి షినోజుకా ఇల్లు దాటాడు. అతని వెనక స్టేషన్ దాకా, రైల్లో టోక్యో దాకా వెళ్ళడం ఒకరోజు ఉజీహారా వంతు, ఒకరోజు రేనా వంతు. ఆ రోజు రేనాది. బూడిదరంగు సూట్ వేసుకుని ముప్పై మీటర్ల వెనక నడిచింది. ఉజీహారా కెమెరాలో సందు చూస్తూ ఇంట్లో ఉన్నాడు.

ఆరూ యాభై ఎనిమిదికి బెల్ మోగింది.

వచ్చింది ఇసోబే గారు. డెబ్భై నాలుగేళ్ళు, సందు సంఘానికి పెద్ద. చేతికి రబ్బరు తొడుగులు. ఒక చేతిలో మూతి విప్పిన చెత్త సంచి.

"పొద్దున్నే వచ్చానని ఏమీ అనుకోకండి ఉజీహారా గారూ. ఇది మీ ఇంటిదే కదా?"

"మాదని ఎలా..."

"సంచి మీద ఇంటి నంబరు లేదు. నంబరు లేకపోతే విప్పి చూడాలి, సంఘం రూలు. ఈ సందులో ఇంత ఖరీదైన కాఫీ మీరు తప్ప ఎవరు తాగుతారండీ? మా ఆయన బతికున్నప్పుడు కూడా మేం తాగలేదు."

"క్షమించండి. ఇకమీదట రాస్తాం."

"రాయడం ఒక్కటే కాదు. తగలబెట్టే చెత్తలో గాజు వేశారు. గాజు వేసేది నాలుగో బుధవారం కదా? మూడు నెలలైంది వచ్చి, మీ ఆవిడకి ఇంకా రాలేదు. టోక్యో పిల్ల, ఏం చేస్తాం." ఆమె సంచిలోకి చెయ్యి పెట్టింది. "చూడండి."

తొడుగు వేసుకున్న అరచేతిలో, మెడ విరిచిన చిన్న గాజు మందుగొట్టం, ఆంప్యూల్. దాని పక్కన చిన్న ప్లాస్టిక్ సీసా.

"ఇది మరీ ఘోరం. నిండా ఉన్న కంటి మందు పారేశారు. ఇది షినోజుకా గారి మందు కదండీ? సీసా మీద ఆయన పేరుంది. మీ ఇంట్లోకి ఎలా వచ్చిందని నేనడగను. అది నాకనవసరం," అంది, అడుగుతున్న కళ్ళతో.

ఉజీహారా సీసా మీద పేరు చదివాడు.

నిన్న సాయంత్రం, ఇంటింటికీ తిరిగే సంఘం నోటీసు అట్ట ఎదురింటికి ఇచ్చి వస్తానని రేనా వెళ్ళింది. షినోజుకా ఇంట్లో గుమ్మం లోపలే కోటు తగిలించి ఉంటుంది. అసలు సీసా ఈ సంచిలో ఉంది. అయితే ఆ కోటు జేబులో ఉన్నదేది?

షినోజుకా ఏడూ పదికి, రైలొస్తోందన్న అనౌన్స్‌మెంట్ వినగానే తల వెనక్కి వంచి కంటికి రెండు చుక్కలు వేసుకుంటాడు. మార్చి మొదలైనప్పటినుంచీ ప్రతి పొద్దునా. ఆ సంగతి రిపోర్టులో రాసింది ఉజీహారాయే.

నవంబరులో చచ్చిపోయినవాడి జేబులో కూడా కంటి మందు దొరికింది. దాన్ని ల్యాబ్‌కి అప్పజెప్పినది రేనా. ల్యాబ్ చూసిన సీసాలో ఉత్త మందే ఉంది.

ఫోన్ తీశాడు. "గ్యాస్ కట్టేశానో లేదో గుర్తు రావట్లేదు," అన్నాడు. అది ఎమర్జెన్సీ కోడ్.

"చెప్పు," అన్నాడు చీఫ్.

"కంటి మందులో విషం. ఏడూ పదికి వేసుకుంటాడు."

"రేనా పక్కనే ఉందిగా. ఆమెకి చెప్పు."

"కలిపింది ఆమే."

"మనవాళ్ళు చేరడానికి పన్నెండు నిమిషాలు. అతనికి ఫోన్ చెయ్యి."

చేశాడు. రైలుకి బయల్దేరినవాళ్ళెవరూ ఫోన్ మోగనివ్వరు. అతనిదీ మోగి ఉండదు. ఎవరూ ఎత్తలేదు.

ఏడూ రెండు.

"ఇసోబే గారూ, మీ సైకిలు కావాలి."

"అది బ్యాటరీదండీ. మనవడి సీటు కూడా..."

అతను అప్పటికే ఎక్కాడు. కాళ్ళకి ఇంట్లో తొడుక్కునే స్లిప్పర్లు. వెనక పిల్లాడి సీటు గడగడలాడింది. కుక్కని తిప్పే మనిషి ఆగి వంగి నమస్కారం పెట్టాడు. ఉజీహారా తిరిగి పెట్టలేదు. ఆ సందులో మూడు నెలల్లో అది అతని మొదటి అమర్యాద.

వాలులో బ్రేకు పట్టలేదు. నవంబరు గుర్తొచ్చింది. పడినవాడి చెప్పు ఒకటి ఊడి పసుపు గీత మీద పడి ఉండటం, దాన్ని ఎవరూ తొక్కకుండా దాటడం. ఏడూ ఎనిమిదికి సైకిలు స్టేషన్ మెట్ల ముందు పడేశాడు.

పాస్ ఇంట్లో ఉంది. గేటు రెక్కలు మూసుకున్నాయి. మీద నుంచి దూకాడు.

"అయ్యా! టికెట్!" అరిచాడు స్టేషన్ ఉద్యోగి.

మెట్లు దిగాడు. నాలుగో బోగీ, మూడో తలుపు నిలిచే చోటు. షినోజుకా రోజూ నిలబడే చోటే ఉన్నాడు. వెనక రేనా. మధ్యలో నలభై మీటర్లు, మూడొందలమంది.

"ఏడూ పన్నెండు రైలు వస్తున్నది," అంది లౌడ్‌స్పీకర్.

షినోజుకా జేబులో చెయ్యి పెట్టాడు.

"షినోజుకా గారూ!"

ఒక్క తల తిరగలేదు. పొద్దున ఏడింటికి ఆ ప్లాట్‌ఫామ్ మీద అరిచేవాడివైపు ఎవరూ చూడరు. చూస్తే సంబంధం పెట్టుకున్నట్టు. రేనా ఒక్కతే తిరిగింది. అతని కాళ్ళ స్లిప్పర్లు చూసింది. నవ్వింది. ఒక అడుగు పక్కకి వేసి షినోజుకాకీ అతనికీ మధ్య నిలబడింది.

షినోజుకా తల వెనక్కి వంచాడు. చేత్తో రెప్ప లాగాడు.

పక్కనే స్తంభానికి ఎర్ర బటన్. ఎవరైనా పట్టాల మీద పడితే రైలు ఆపడానికి నొక్కేది. ఉజీహారా పిడికిలితో గుద్దాడు.

సైరన్ కూసింది. మూడొందల తలలు ఒక్కసారి లేచాయి. షినోజుకా ఉలిక్కిపడ్డాడు. చుక్క రెప్ప మీద కాకుండా మాస్కు మీద పడింది. రైలు ప్లాట్‌ఫామ్ బయట కీచుమని ఆగింది.

ఉజీహారా జనాన్ని తోసుకుని వెళ్ళి ఆ మాస్కు కొసలు పట్టి లాగి పారేశాడు. సీసా లాక్కున్నాడు.

"మీరు... ఎదురింటాయన?" అన్నాడు షినోజుకా.

"ముట్టుకోకండి. కన్ను తుడుచుకోకండి. నా వైపు చూడండి." వాచీ చూశాడు. నాలుగు నిమిషాలు లెక్కపెట్టాడు. జీవితంలో అంత పొడుగు నాలుగు నిమిషాలు లేవు. షినోజుకా నిలబడే ఉన్నాడు.

రేనా పరిగెత్తలేదు. మెట్ల దగ్గర స్టేషన్ ఉద్యోగులు నిలబడ్డారు. ఎక్కడానికి రైలు లేదు. చీఫ్ మనుషులు దిగేదాకా వరసలోనే నిలబడింది.

"దేని వల్ల?" అడిగింది, చేతులు ముందుకు చాపుతూ. పెళ్ళాం గొంతు కాదు.

"చెత్త సంచి. ఇంటి నంబరు రాయలేదు."

"నా వృత్తిలో ఉన్నవాళ్ళెవరైనా చెత్త మీద అడ్రసు రాస్తారా?"

"ఆ సందులో అందరూ రాస్తారు," అన్నాడు ఉజీహారా. "రాయనిదే విప్పుతారు."

ఆమెని తీసుకెళ్ళారు. కారు సిద్ధంగా ఉందని చీఫ్ మనిషి చెప్పాడు. షినోజుకా కదల్లేదు. గేటు దగ్గర ఉద్యోగి అందరికీ చీటీలు పంచుతున్నాడు. రైలు పదకొండు నిమిషాలు ఆలస్యమని ఆఫీసులో చూపించడానికి. ఆ వరస చివర షినోజుకా వెళ్ళి నిలబడ్డాడు.

"ఏవండీ, ఇప్పుడేగా చావు తప్పింది!" అన్నాడు చీఫ్ మనిషి.

"తప్పింది. కానీ మా సెక్షన్ హెడ్ నమ్మాలిగా," అన్నాడు షినోజుకా.