రెండోసారి ఊదనివ్వలేదు

ఆ సోమవారం పొద్దున కూడా నాన్న అందరికంటే ముందే తయారై కూర్చున్నాడు. ఆయన నడిపే స్కూలు బస్సు కదలడానికి ఇంకా చాలా టైముంది. అయినా బస్సుల షెడ్డు గేటు తెరిచేసరికి తాను అక్కడ నిలబడి ఉండాలి. అదొక పంతం. యూనిఫాం చొక్కా నలగకుండా కుర్చీ అంచున కూర్చుని వంటింటివైపు చూస్తూ, "ఆ టీ ఇవాళ్టికి వస్తుందా, రేపటికా?" అన్నాడు.

"వెళ్ళి గేటు తాళం కూడా మీరే తీయండి. వాచ్‌మన్ జీతం కూడా కలిపి ఇస్తారు," అంది అమ్మ లోపలినుంచి.

తల దువ్వుకుంటున్న చిన్నది పక్కున నవ్వింది. ఇంట్లో ఆమెను అలాగే పిలుస్తారు. అక్క పెళ్ళయి వెళ్ళిపోయినా, తనకు ఉద్యోగం వచ్చినా ఆ పిలుపు మాత్రం మారలేదు. ఆమె పనిచేసేది సెన్సర్లు తయారుచేసే కంపెనీలో. మురుగు గోతుల్లో విషవాయువును పసిగట్టేవి, తాగేనీటిలో క్లోరిన్ ఎక్కువైతే చెప్పేవి, చుక్క రక్తంలో షుగర్ ఎంతుందో తేల్చేవి, అక్కడ అన్నీ చేస్తారు. చిన్నదాని బల్ల మీదికి వచ్చేవి మాత్రం ఊపిరిలో ఆల్కహాల్‌ను కనిపెట్టే మిషన్లు. లోపల ఒక చిన్న బిళ్ళ ఉంటుంది. ఆల్కహాల్ ఆవిరి తగిలితే దాని మీద పిసరంత కరెంటు పుడుతుంది. ఆవిరి ఎంతో కరెంటు అంత. నీళ్ళలో కొలత ప్రకారం ఆల్కహాల్ కలిపి, ఒంటివేడికి కాచి, ఆ ఆవిరి పట్టించి, మిషన్ సరిగ్గా చెబుతోందని తేలాక ముద్ర వేయడం ఆమె పని. షెడ్డులో డ్రైవర్లు బస్సెక్కే ముందు రోజూ ఊదే మిషన్ కూడా ఆమె చేతి మీదుగా వెళ్ళిందే. "మా అమ్మాయి ముద్ర వేసిన మిషన్" అని నాన్న అక్కడ అందరికీ చెప్పుకున్నాడు.

నాన్న వెళ్ళిన కాసేపటికి అమ్మ ఫోన్ మోగింది. అమ్మ చేతులు తడిగా ఉన్నాయని చిన్నది ఎత్తి, తాను కూతుర్నని చెప్పింది. అవతల షెడ్డు సూపర్‌వైజర్.

"అమ్మా, మీ నాన్న ఊదితే ఎర్రలైటు వచ్చింది. తాగలేదంటున్నాడు. మీరు ఆ కంపెనీలోనే చేస్తారట కదా, అందుకే అడుగుతున్నా. ఏం చేయమంటారు?"

"రీడింగ్ ఎంత వచ్చింది సార్?"

ఆయన అంకె చెప్పాడు. అది ఏదో కొసరు అంకె కాదు. "సరే సార్," అని చిన్నది ఫోన్ పెట్టేసింది.

అమ్మ ఏమిటని అడగలేదు. కూతురి మొహం చూడగానే ఆమెకు అర్థమైపోయింది. ఒకప్పుడు ఈ ఇంటికి అలాంటి ఫోన్లు చాలా వచ్చేవి. నాన్న ఫలానా చోట పడి ఉన్నాడనీ, ఫలానా వాడితో కలబడ్డాడనీ. ఆ రోజుల్లో చిన్నది స్కూలు సంచీ పక్కన పెట్టుకుని వీధి అరుగు మీదే హోంవర్కు చేసుకునేది. తర్వాత నాన్న మందు మానేశాడు. ఏ ఆస్పత్రికీ పోలేదు, ఎవరి మీదా ఒట్టు వేయలేదు. పళ్ళు బిగబట్టి మానేశాడు. ఆయనకు మళ్ళీ స్టీరింగ్ పట్టుకునే ఉద్యోగం దొరకడానికి ఏళ్ళు పట్టింది.

నాన్న ఇంటికొచ్చి చెప్పులు విడిచి, గోడవైపు తిరిగి చొక్కా విప్పుకున్నాడు. "మిషన్‌లో వచ్చింది," అన్నాడు. అంతే. తాగావా అని ఎవరూ అడగలేదు. అమ్మ వంటింట్లో గిన్నెలు దబదబా సర్దింది. చిన్నది మాత్రం అడిగింది, కానీ ఏమడిగింది?

"దగ్గు మందేమైనా వేసుకున్నావా నాన్నా? నోరు పుక్కిలించే మందు? పంటినొప్పికి ఏదైనా పెట్టుకున్నావా?"

"లేదు," అన్నాడు నాన్న మూడింటికీ కలిపి.

ఆ వారమంతా ఆ ఇంట్లో మనుషులు మనుషుల్లా ప్రవర్తించలేదు. ఉతకడానికి తీసిన చొక్కాను అమ్మ ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. చిన్నది నీళ్ళ ట్యాంకు వెనక, పాత పెట్టెల సందులో చెయ్యి పెట్టి తడిమింది. సీసా దొరకలేదు. దొరకనందుకు సంతోషించాల్సింది పోయి, ఎక్కడ దాచాడా అని ఆలోచించింది. పక్కింటివాళ్ళు సరేసరి. ఆయన గుమ్మంలో కనిపిస్తే పిల్లల్ని లోపలికి పిలుచుకున్నారు. నిన్నటిదాకా ఆ పిల్లల సంచీలు బస్సెక్కించింది ఆ చేతులే.

శనివారం స్కూలు మేనేజర్ దగ్గర మీటింగ్, అప్పటిదాకా నాన్నను బస్సు ఎక్కవద్దన్నారు. ఆ మీటింగ్‌లో ఉద్యోగం ఉంచుతారో తీసేస్తారో తేలుతుంది. గురువారం సాయంత్రం చిన్నది ఆఫీసులో అనుమతి తీసుకుని ఒక మిషన్ ఇంటికి తెచ్చింది. నాన్న భోజనానికి కూర్చోగానే దాన్ని పళ్ళెం పక్కన పెట్టింది.

"నాన్నా, పొద్దునా సాయంత్రం ఇందులో ఊదు. టైముతో సహా రికార్డవుతుంది. శనివారం వాళ్ళ ముందు పెడదాం."

నాన్న మిషన్‌ను చూశాడు. "ఎవరికి చూపించడానికి?"

"మేనేజర్‌కి."

"మేనేజర్ ఒక్కడికేనా?"

"అందరికీ ధైర్యంగా ఉంటుంది కదా," అంది చిన్నది.

"ఊదితే మీ సొమ్మేం పోయింది?" అంది అమ్మ, నీళ్ళ గ్లాసు ఠపీమని పెడుతూ. "తాగనివాళ్ళకు భయమెందుకు?"

నాన్న కలిపిన ముద్ద అలాగే వదిలేసి లేచాడు. గొంతు పెంచలేదు.

"షెడ్డులో రోజూ ఊదుతున్నాను. ఏనాడైనా మొహం ముడుచుకున్నానా? వెనక సీట్లలో పిల్లలుంటారు, ఊదమనడం న్యాయం. తాగిన రోజుల్లో మీరు నన్ను నానామాటలన్నారు, నోరు మూసుకుని పడ్డాను. అదీ న్యాయమే. కానీ నా ఇంట్లో, నా పళ్ళెం పక్కన దీన్ని పెట్టి, ఊది తినమంటారా? ఊదను. ఉద్యోగం పోతే పోనీ, మూటలు మోసుకుని బతుకుతాను. ఇక్కడ మాత్రం ఊదను."

"నీ మంచికే కదా తెచ్చాను," అంది చిన్నది. ఆమెకూ కోపమొచ్చింది. "మా మిషన్ తప్పు చెప్పదు నాన్నా. నేనే పరీక్షించి పంపాను. మరి ఎర్రలైటు ఎందుకొచ్చినట్టు?"

"ఆ మాట మిషన్‌ని అడుగు," అన్నాడు నాన్న. చెయ్యి కడుక్కుని వీధి అరుగు మీదికి వెళ్ళి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే చిన్నది షెడ్డుకు బయల్దేరింది. నాన్నను కాపాడదామని బయల్దేరిందంటే అబద్ధమే. తన ముద్ర ఉన్న మిషన్‌ను నాన్న అంత మాటన్నాడే అని ఉడికిపోతూ, దాన్ని మళ్ళీ పరీక్షించి కాగితం తెచ్చి ఆయన ముందు పెడదామని బయల్దేరింది.

షెడ్డులో పసుపు బస్సులు వరసగా నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు కబుర్లు చెప్పుకుంటూ లైను కట్టారు. సూపర్‌వైజర్ గది గోడకు శానిటైజర్ సీసా కొత్తగా బిగించి ఉంది. ఆయన దాన్ని రెండుసార్లు నొక్కి, చేతులు పామి పామి, ఆ తడి చేతులతోనే మిషన్‌ను దోసిట్లో పట్టుకుని మొదటివాడి నోటి ముందు పెట్టాడు. వాడు ఊదాడు. ఎర్రలైటు వెలిగింది.

"ఏరా, రాత్రి ఎవరి పెళ్ళి?" అన్నాడు సూపర్‌వైజర్. అందరూ నవ్వారు. "పో, మొహం కడుక్కుని రా. మళ్ళీ ఊదుదువుగాని."

తర్వాతివాళ్ళు ఒక్కొక్కరే ఊదారు. అందరికీ పచ్చలైటే. మొదటివాడు తిరిగొచ్చి ఊదితే వాడికీ పచ్చలైటే. వాడు తాళంచెవి తీసుకుని ఈల వేసుకుంటూ వెళ్ళిపోయాడు.

రోజూ అందరికంటే ముందు ఊదేది నాన్నేనని చిన్నదానికి గుర్తొచ్చింది. గుమ్మంలోంచి లోపలికి వచ్చి తాను ఫలానా అని చెప్పింది. "ఇలా రోజూ అవుతోందా సార్?"

"మొదటివాడికి అప్పుడప్పుడూ వస్తోందమ్మా. మిషన్ వేడెక్కాలి కదా."

"వేడెక్కాలా? ఆ సీసా ఎప్పుడు పెట్టారు?"

"మొన్న సోమవారమే. పిల్లలకు దగ్గులు, జ్వరాలు ఎక్కువయ్యాయని స్కూలువాళ్ళు పంపారు."

చిన్నది చేతులకు శానిటైజర్ రాసుకుంది. ఆయన పట్టుకున్నట్టే మిషన్‌ను దోసిట్లో పట్టుకుని బటన్ నొక్కింది. ఎవరూ ఊదలేదు. మిషన్ గాలి పీల్చుకుని ఎర్రగా వెలిగింది.

"ఇప్పుడెవరు తాగారు సార్? ఈ గోడా? శానిటైజర్‌లో ఉన్నది ఆల్కహాలే. చేతులు ఆరకుండా పట్టుకోవద్దని, ఎర్రలైటు వస్తే కాసేపు ఆగి మళ్ళీ ఊదించాలని డబ్బాలో కాగితం పెట్టి పంపాం. చదివారా?"

సూపర్‌వైజర్ మొహం వాడిపోయింది.

"సరే, చదవలేదు. పోనీ, వాణ్ని ఇప్పుడు మళ్ళీ ఊదించారు కదా. మా నాన్నను ఆ రోజు ఎందుకు ఊదించలేదు?"

"మీ నాన్న సంగతి వేరు కదమ్మా. పాత కథ అందరికీ తెలిసిందే."

"పాత కథ ఉంటే రెండోసారి ఊదే హక్కు పోతుందా? మానేయడానికి ఆ మనిషి ఎంత నరకం చూశాడో మీకు తెలుసా? ఇన్నేళ్ళుగా గేటు తెరవకముందే వచ్చి నిలబడుతున్నాడే, అది కథలోకి రాదా?"

ఆమె గొంతు షెడ్డంతా వినిపించింది. సూపర్‌వైజర్ తల దించుకున్నాడు. మెల్లగా అన్నాడు.

"తప్పు నాదే. ఇప్పుడే మేనేజర్‌తో చెబుతాను, రేపు మీటింగ్ అక్కర్లేదు, సోమవారం ఆయన్ని డ్యూటీకి రమ్మనండి. కానీ ఒక్క మాట. నాకూ ఆ రోజు మనసొప్పలేదు. అందుకే మీ ఇంటికి ఫోన్ చేశాను. మా నాన్న తాగడు, మళ్ళీ ఊదించండి అని మీరొక్క మాటంటే ఊదించేవాణ్ని. మీరు రీడింగ్ అడిగారు. చెబితే సరే అన్నారు."

అంతసేపూ ఆయన్ని కడిగేసిన చిన్నది మిషన్‌ను బల్ల మీద పెట్టి బయటికి వచ్చింది. నేరుగా ఇంటికి నడిచింది.

ఇంట్లో నాన్న వంటింటి గట్టు కింద దూరి కారుతున్న పైపు బిగిస్తున్నాడు. అమ్మ వంగి టార్చి పట్టుకుని, "ఇటు కాదండీ, అటు తిప్పండి," అని ఎప్పటిలాగే సాధిస్తోంది. ఈ వారంలో వాళ్ళిద్దరూ మామూలుగా మాట్లాడుకోవడం చిన్నది ఇప్పుడే చూస్తోంది.

"అమ్మా, నాన్న తాగలేదు," అంది గుమ్మంలోంచే.

"తెలుసు," అంది అమ్మ. "పొద్దున అడిగాను. తాగలేదన్నారు."

"అడిగితే నమ్మేశావా?"

"ఆ రోజుల్లో తాగొచ్చినప్పుడు కూడా తాగలేదని ఏనాడూ అనలేదే మీ నాన్న. తాగాను, ఏం చేస్తావని మీదికి వచ్చేవారు తప్ప అబద్ధం ఆడలేదు. ఆ ఒక్క సంగతి మర్చిపోయి చొక్కాలు వాసన చూశాను." అమ్మ కళ్ళు కొంగుతో ఒత్తుకుంది. టార్చి వెలుగు గోడ మీదికి పోయింది.

చిన్నది నేల మీద చతికిలబడి జరిగిందంతా చెప్పింది. శానిటైజర్ సంగతి, గోడ తాగిన సంగతి, సోమవారం రమ్మన్న సంగతి. గట్టు కింద చప్పుడు ఆగింది.

"ఇవాళ మొదట ఊదినవాడికి బస్సు ఇచ్చారా?" అన్నాడు నాన్న.

"ఇచ్చారు."

"హమ్మయ్య. రోజూ లైన్లో నా వెనక నిలబడేవాడే అయ్యుంటాడు, వాడింట్లో పసిపిల్ల ఉంది."

ఆ మాటతో చిన్నదానికి దుఃఖం తన్నుకొచ్చింది. "నాన్నా, ఆ రోజు సూపర్‌వైజర్ ఫోన్ చేస్తే ఎత్తింది నేనే. మళ్ళీ ఊదించండి అని ఒక్క మాట అనలేదు. సరే అన్నాను. ఈ వారమంతా నువ్వు పడ్డది నా వల్లే."

"తెలుసమ్మా," అన్నాడు నాన్న. "ఆయన ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. నేను పక్కనే ఉన్నాను."

విన్నాడు. తన కూతురి నోట ఆ సరే అన్న మాట అందరి మధ్యా నిలబడి విన్నాడు. ఇంటికొచ్చి దాని ఊసెత్తకుండా, మిషన్‌లో వచ్చింది అని మాత్రం అన్నాడు. ఆ తర్వాత అదే కూతురు మిషన్ తెచ్చి ఆయన పళ్ళెం పక్కన పెట్టింది.

"ఎందుకు చెప్పలేదు నాన్నా? నన్ను నాలుగు తిట్టి ఉండొచ్చు కదా."

నాన్న గట్టు కిందనుంచి బయటికి జరిగి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. జుట్టు నిండా బూజు. "అరుగు మీద కూర్చుని హోంవర్కు చేసుకున్న పిల్లవి. నా మీద నీకు నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆ మాట నువ్వు అన్నది కాదమ్మా. నేను అనిపించుకున్నది."

"కాదు," అంది చిన్నది. ఏడుస్తూనే కోపంగా అంది. "అప్పటి తప్పు నీది. నువ్వు దాన్ని ఎప్పుడో తీర్చేసుకున్నావు. ఇది నాది. దీన్ని కూడా నీ నెత్తినే వేసుకుంటే నేను ఊరుకోను." కాస్త ఆగి, చెంపలు తుడుచుకుని ఆయన కళ్ళలోకి చూసింది. "మిషన్ సంగతి తేలిపోయాక అడగడం సిగ్గుచేటే. అయినా అడుగుతున్నాను. ఆ రోజు తాగావా నాన్నా?"

సోమవారం నుంచీ కూతురు అడుగుతుందేమోనని చూస్తున్న మనిషిలా, నాన్న సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు.

"లేదమ్మా," అన్నాడు. "తాగలేదు."

"సరే నాన్నా," అంది చిన్నది. అని ఆయన భుజం మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది. నాన్న మురికి చేతులు ఆమెకు అంటకుండా దూరంగా పట్టుకుని కూర్చున్నాడు.