పరాయి చేతి ఎరుపు

విశాఖలో ఇప్పుడు జంటదివ్వె ఆకుపచ్చగా వెలగందే ఎవరూ ముద్ద నోట పెట్టడం లేదు. బీచి ఒడ్డున పట్టకారుతో తీసిచ్చిన బజ్జీలు కొన్నవాడైనా సరే, పొట్లాన్ని ముందు దివ్వె కింద పెట్టాల్సిందే. ఎర్రగా వెలిగిందా, ఎంత ఆకలైనా చెత్తబుట్ట పాలే.

ఆ దివ్వెను కనిపెట్టిన సువార్త మాత్రం కొన్నాళ్ళుగా కాలుకాలిన పిల్లిలా ల్యాబంతా తిరుగుతోంది.

పెళ్ళి భోజనంలో కల్తీ నూనె తిని తమ్ముడు పోయిన నాడు ఆమె ఈ పని నెత్తికెత్తుకుంది. తిండి మీద ఒక్క కిరణం పడితే చెదిరిపోతుంది, పెద్దగా ఏమీ చెప్పదు. రెండు లేజర్ కిరణాలను ఒకే చుక్క మీద కలిపితే, వాటి పౌనఃపున్యాల మధ్య తేడా అక్కడి అణువు కంపనంతో సరిపోయినప్పుడు మూడో రంగు వెలుగు పుడుతుంది. ఏ అణువు రంగు దానిదే. దీనికామె జోడుకిరణ వర్ణపటం అని పేరు పెట్టింది. నలుసంత విషమైనా దాన్నుంచి దాక్కోలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. కలరా వచ్చిన ఏడాది, మురికి చేతుల్ని పట్టుకుందామని తిండి మీద అంటిన చర్మపు నూనెను కూడా దివ్వె చేత చదివించారు. ఇంటివాళ్ళ చేతులు దానికి గుర్తుంటాయి. పరాయి చెయ్యి తగిలితే ఎరుపు. కలరా పోయింది గానీ ఎరుపు పోలేదు. చేతులు శుభ్రంగా కడుక్కునే వంటమనిషిని ఎవరో ఎరుపు చూసి మానిపించారని విన్నప్పటి నుంచి సువార్తకు కంటిమీద కునుకు లేదు. టీకొట్టులో తమకు విడిగా పెట్టిన గ్లాసుల గురించి తాత చెప్పిన మాటలే బుర్రలో తిరుగుతున్నాయి.

ఆ భాగం తీసేయాలంటే, దివ్వెను తనతో కలిసి తయారుచేసిన భార్గవి కూడా ఒప్పుకోవాలి. భార్గవి కొట్టిపారేసింది.

"ఈ కాలంలో అవన్నీ ఎవరు పట్టించుకుంటున్నారే? ఆదివారం మా ఇంటికి భోజనానికి రా. నువ్వే చూద్దువుగాని."

సువార్త స్వయంగా సున్నుండలు చుట్టి తీసుకెళ్ళింది. భార్గవి అత్తగారు కామేశ్వరమ్మ నవ్వుతూ డబ్బా అందుకుని, మూత తీసి, అలవాటుగా దివ్వె కింద పెట్టారు. బల్లంతా ఎర్రబడింది. అంత ఎరుపు సువార్త ఎన్నడూ చూడలేదు.

"తరవాత తింటాం లేమ్మా," అంటూ పెద్దావిడ డబ్బాను మెల్లగా పక్కకు జరిపారు.

భార్గవి ముఖం పాలిపోయింది. "ఆ ఎరుపును లెక్కచెయ్యకండి అత్తయ్యా. పరాయి చెయ్యంటే ఏంటో దానికి నేర్పడానికి ఓ నమూనా కావాల్సొచ్చింది. ఆ హడావిడిలో సువార్త బొటనవేలే పెట్టాం. ప్రతి దివ్వెలోనూ ఉన్నది ఆ వేలే."

సువార్తకు అది గుర్తొచ్చింది. ఎవరిదైతేనేం, నాది పెట్టెయ్ అన్నది తనే. తన వేలితో తన కన్నే పొడుచుకోవడమంటే ఇదే కాబోలు. ఊరంతటిలో, ఏ ఇంటి బల్ల మీద చూసినా, అందరికన్నా పరాయిది తన చెయ్యే. సువార్త డబ్బాను మళ్ళీ దివ్వె కిందికి జరిపింది.

"అయితే నువ్వు తిను, భార్గవీ," అంది.

"తినకేం?" అని భార్గవి చెయ్యి చాచింది. ఎర్రటి వెలుగు వేళ్ళ మీద పడింది. ఆ దివ్వెను తన చేతులతో బిగించిన మనిషి, ఆ ఎరుపులో ఏమీ లేదని ఇప్పుడే చెప్పిన మనిషి, ఉండకు బెత్తెడు దూరంలో ఆగిపోయింది. ఆగింది ఒక్క క్షణమే. కానీ ముగ్గురూ చూశారు.

తర్వాత గబుక్కున ఒకటి తీసి నోట్లో వేసుకుంది. నమలకుండానే, "రేపే తీసేద్దామే దాన్ని," అంది.

"దివ్వెలోంచా?" అంది సువార్త.