రికార్డర్ బటన్లకు తాళం

రేడియో స్టేషన్ ఇంజనీరు టీ గ్లాసు పట్టుకుని మెట్లు దిగుతూ దిగుతూనే కూలిపోయాడు. అందరూ గుండెపోటన్నారు. మెడ వెనక సూది గుచ్చిన మచ్చ పెద్దాయన కంట్లోనే పడింది. రహస్య విభాగానికి ఆయనే అధిపతి. అప్పటికప్పుడు ఏజెంట్ మౌనికి కబురెళ్ళింది.

"ఎవరి పని?"

"గళ్ళకోటు ముఠా. పరాయి దేశం జీతగాళ్ళు. మన అధ్యక్షుడి గొంతుతో దొంగ ప్రసంగం తయారుచేశారు. మధ్యాహ్నం వార్తలకు ముందు వదులుతారు. సరిహద్దులో ఉన్న మనవాళ్ళకు కాల్పుల ఆజ్ఞ అది."

"స్టేషన్ మూయించొచ్చుగా?"

"మూయిస్తే పారిపోయి ఇంకో స్టేషన్ పట్టుకుంటారు. వాళ్ళలో మన మనిషి ఒకరున్నారని ఇంజనీరు చెప్పాడు. 'మావయ్యకి దగ్గు తగ్గిందా' అంటారు. 'దగ్గు తగ్గింది, గొంతే మారింది' అను."

"మగా, ఆడా?"

"తెలిస్తే చెప్పనా నాయనా? తెలిసినవాడు పోయాడుగా!"

మౌని ఏసీ మెకానిక్ వేషం కట్టాడు. సంచిలో పానాల కింద అగ్గిపెట్టెంత పరికరం దాచాడు. ప్రసార గదిలోని పెద్ద రికార్డర్‌ని చేత్తో తాకనక్కర్లేదు. వెనక సీరియల్ కేబుల్ తగిలించి, గోడ అవతల నుంచి 'ప్లే', 'స్టాప్' అని కమాండ్ పంపితే చాలు, చెప్పినట్టు వింటుంది. కన్నకొడుకుల్లో కూడా అంత మాట వినేవాళ్ళు అరుదు.

ఆ కేబుల్ రెండో కొస స్టోర్‌రూమ్‌లో ఉంది. మౌని తలుపు తోశాడు. పగిలిన లాప్‌టాప్ పక్కన ముఠా టెక్నీషియన్ స్పృహ లేకుండా పడున్నాడు. వాడి తల దగ్గర, ఎర్ర గౌనులో, గాయని కోయిల! ముఠా నాయకుడు గళ్ళకోటు చెయ్యి పట్టుకుని ప్రతి పార్టీకీ వెళ్ళే మనిషి. ఆమె పిస్తోలు మౌని గుండెకు గురిపెట్టి ఉంది.

"మావయ్యకి దగ్గు తగ్గిందా?"

"దగ్గు తగ్గింది. గొంతే మారింది."

ఆమె పిస్తోలు దించింది. "మా తమ్ముడు సరిహద్దులో ఉన్నాడయ్యా. ముందు వరసలో. తొందరగా కానియ్యి!"

మౌని కేబుల్ పీకి తన పరికరానికి తగిలించాడు. ముఠా పొద్దునే రికార్డర్‌లో పెట్టిన టైమర్ ప్రకారం గోడ స్పీకర్‌లో అప్పుడే దొంగ గొంతు మొదలైంది: "నా ప్రియమైన ప్రజలారా..."

స్టాప్ కొట్టాడు. ఉలుకూ పలుకూ లేదు. మళ్ళీ కొట్టాడు. గోడకి చెప్పినట్టే ఉంది.

"కమాండ్ పంపే స్పీడ్ ఎంత పెట్టావ్?" అంది కోయిల.

"అన్నిటికంటే ఎక్కువ."

"నీ తొందర తగలెయ్య! అది పాత మెషీన్. నా పాటలు రికార్డు చేసినప్పుడల్లా ఇంజనీరన్న తొమ్మిదివేల ఆరువందలే పెట్టేవాడు. రెండు వైపులా ఒకటే స్పీడ్ ఉంటేనే దానికి మాట తెలుస్తుంది."

మౌని స్పీడ్ తగ్గించాడు. స్పీకర్‌లో గొంతు గంభీరమైంది: "మన సైనికులకు నా ఆజ్ఞ ఏమిటంటే..."

స్టాప్.

ఆకుపచ్చ దీపం వెలిగింది. గొంతు కత్తిరించినట్టు ఆగింది.

అంతలోనే మౌని గోడకున్న అద్దం వైపు తిరిగాడు. అద్దం అవతల ప్రసార గదిలో గళ్ళకోటు రికార్డర్ మీదపడి ప్లే బటన్ నొక్కుతున్నాడు!

"నొక్కనీ పాపం," అంది కోయిల. "స్టేషన్ వాళ్ళెవరూ మధ్యలో ఆపకూడదని పొద్దున వాడే ఆ బటన్లన్నిటికీ లాక్ వేయించాడు. ఆ కమాండ్ ఈ కేబుల్ మీదే వెళ్ళింది. తియ్యాలన్నా ఇక్కణ్ణుంచే తియ్యాలి."

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. గళ్ళకోటు బటన్లన్నీ నొక్కాడు, గుద్దాడు, చివరికి తిట్టాడు. అప్పుడు కేబుల్ సంగతి గుర్తొచ్చి స్టోర్‌రూమ్‌కి పరుగెత్తుకొచ్చాడు. తలుపు వెనక మౌని పెద్ద పానా పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఒక్క దెబ్బే.

ప్రసార గదిలో అనౌన్సర్ గబగబా మైకు ఆన్ చేశాడు. దొరికిన కాగితం దొరికినట్టు చదివేశాడు: "సరిహద్దు ప్రాంతాల్లో సాయంత్రం భారీ వర్షాలు కురుస్తాయి."

కోయిల కళ్ళు తుడుచుకుంది. "తమ్ముడికి ఫోన్ చేస్తాను."

"చెయ్యండి. గొడుగు దగ్గర పెట్టుకోమనండి."

ఆ సాయంత్రం అక్కడ చుక్క పడలేదు. రేడియోని నమ్మేవాళ్ళంత వెర్రివాళ్ళు లేరని ఆ తమ్ముడు ఇప్పటికీ అక్కని ఏడిపిస్తూనే ఉన్నాడు.