కింది ద్వారం మీద మూడో గీత

ఓల్షవ రెండు మెట్లుగా ఉన్న ఊరు. పైన గుట్ట మీద చర్చి, చౌకు, మునిసిపల్ ఆఫీసు. కింద మ్లీన్కా నది, మూతబడిన పిండిమిల్లు, దాని వెనక కొత్తగా ఇళ్ళు లేస్తున్న పల్లం. పైకీ కిందికీ మధ్య రాతి కమానుతో కింది ద్వారం. ఆ కమాను లోపలి గోడ మీద మూడు గీతలుండేవి. వరద వచ్చి తీసినప్పుడల్లా, నీళ్ళు ఎంతదాకా వచ్చాయో అక్కడ ఉలితో గీసి, పక్కనే సంవత్సరం చెక్కేవాళ్ళు. మొదటి గీత మోకాలి ఎత్తు, రెండోది నడుమెత్తు. 1872 నాటి మూడో గీత మాత్రం చెయ్యెత్తితే గాని అందదు.

బ్లాజెనా ముప్పై నాలుగేళ్ళు ఆ ఊరి బడిలో భూగోళం చెప్పింది. ఏటా పిల్లల్ని ఆ గోడకి ఆనించి నిలబెట్టి, "చూసుకోండి, మీ నెత్తిమీద ఇంకా ఎన్ని నీళ్ళుండేవో," అనేది. మూడో గీత చెక్కిన రాతిమేస్త్రి మతోష్ గురించీ చెప్పేది. ఆ వరదలో పోయిన తన ముగ్గురు పిల్లల్ని పూడ్చిపెట్టి వచ్చి, ఆ వారంలోనే ఉలి పట్టుకున్నాడట.

నవంబరు రెండున, చనిపోయినవాళ్ళకు దీపాలు పెట్టే రోజున, ఆమె అమ్మానాన్నల సమాధులు శుభ్రం చేసి, మిగిలిన ఎర్రగాజు దీపం ఒకటి పట్టుకుని కింది ద్వారానికి వచ్చింది. ఏటా వస్తుంది. నాలుగున్నరకే పొద్దు వాలిపోయింది. నదిమీంచి పొగమంచు పైకి పాకుతోంది.

గోడ మీద గీతల్లేవు.

కొత్త పూత. మీగడ రంగులో నున్నగా ఉంది.

బ్లాజెనాకి అరికాలి మంట నెత్తికెక్కింది. అక్కడే నిలబడి మేయర్ బొహుష్‌కి ఫోను చేసింది. వాడూ ఆమె దగ్గర చదువుకున్నవాడే.

"అదీ... టీచర్‌గారూ," అని నీళ్ళు నమిలాడు. "మన ఊరి గురించి పుస్తకం వేస్తున్నాం కదండీ. ఫొటోలో అందంగా ఉంటుందని..."

"అందమా? పల్లంలో ఇళ్ళు అమ్ముడుపోవని చెప్పరా, సిగ్గులేనివాడా! నిన్నూ ఈ గోడకే ఆనించి చూపించాను కదరా!"

"మీ అమ్మాయి కూడా కొనుక్కుందిగా. ఆవిడకి లేని భయం మీకెందుకండీ?"

ఆమె ఫోను పెట్టేసింది. అసలు మంట అదే. కూతురు హెడ్వికా శనివారమే ఆ పల్లంలో ఒంటంతస్తు ఇంట్లో చేరింది. ఐదేళ్ళ మనవరాలు అనెష్కా మంచం నది వైపు కిటికీ కింద వేశారు. ఎంత మొత్తుకున్నా చెవిన పెట్టలేదు.

సమాధి దగ్గర గడ్డి తీయడానికి తెచ్చుకున్న బుల్లి పార సంచిలో ఉంది. తీసి గోడని గీకడం మొదలెట్టింది. పళ్ళు కొరుక్కుంటూ, బొహుష్‌ని తిట్టుకుంటూ గీకింది. పూత పెచ్చులుగా రాలింది. లోపల తడి. గోరువెచ్చని తడి. బురద వాసన, కుళ్ళిన రెల్లు వాసన గుప్పుమంది.

టక్... టక్...

కమాను అవతలి వైపు, చీకట్లో, ఎవరో చెక్కుతున్నారు.

వీపు ఇటు పెట్టిన మనిషి. తోలు పని గుడ్డ కట్టుకున్నాడు. దాన్నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ఏమయ్యా! ఈ పూత పూసింది నువ్వేనా?"

"పూసేవాణ్ణి కాదు. చెక్కేవాణ్ణి." గొంతు గరగరమంది. అందులో కోపం ఉడుకుతోంది. "చెక్కుతాను. పూస్తారు. మళ్ళీ చెక్కుతాను. మళ్ళీ పూస్తారు. ఎన్నిసార్లు చెప్పాలి వీళ్ళకి?"

"బాగా అడిగావు!" అంది బ్లాజెనా. తనంత కోపంగా ఉన్న మనిషి ఇన్నాళ్ళకి ఒక్కడు దొరికాడు. ఆ క్షణం ఆమెకి నిజంగా హాయిగా అనిపించింది.

"దీపం ఇలా పట్టు తల్లీ."

పట్టింది.

ఉలి పాత మూడో గీత ఎత్తులో లేదు. దానికి ఇంకో మూరెడు పైన ఉంది. అంత పైకి ఎలా అందిందా అని కిందికి చూసింది.

నిచ్చెన లేదు. అతని కాళ్ళు నేలమీద లేవు. తోలు గుడ్డ అంచులు మెల్లగా పైకి లేచి ఊగుతున్నాయి. జుట్టూ అంతే... పైకి లేచి, పక్కకి వాలి... నీళ్ళలో ఉన్నట్టు.

"పల్లంలో పిల్లలు ఎంతమంది?" అన్నాడు గుసగుసగా.

ఆమె ఒకడుగు వెనక్కి వేసింది.

"ఒకదాన్ని కొలిచాను..."

దీపం జారి పగిలింది. బ్లాజెనా అరవై తొమ్మిదేళ్ళ మోకాళ్ళతో ఆ మంచులో పల్లం వైపు పరుగెత్తింది.

హెడ్వికా రంగు రోలరు చేత్తో తలుపు తీసింది. తల్లి ముఖం చూడగానే ఆమె ముఖం ముడుచుకుంది. "మళ్ళీ మొదలెట్టావా అమ్మా?"

"పిల్ల ఏది?"

"గదిలో ఆడుకుంటోంది. దానికి భయం ఎక్కించావంటే ఊరుకోను."

బ్లాజెనా ఆమెని తోసుకుని లోపలికి వెళ్ళింది. గది గుమ్మం పక్కన, అనెష్కా ఎత్తు కొలిచి పెన్సిలుతో పెట్టిన గుర్తుంది. దానికి చాలా పైన, ఇంటికప్పుకి జానెడు కింద, గోడలోకి లోతుగా చెక్కిన గీత. పక్కన మూడు అంకెలు, 2, 0, 2. నాలుగో అంకెకి చోటు వదిలి ఉంది.

హెడ్వికా మండిపడింది. "కొత్త గోడ! ఎంత పని చేశావే అమ్మా! ఎప్పుడొచ్చి చెక్కావు?"

"అమ్మమ్మ కాదు," అంది అనెష్కా బొమ్మ ఒళ్ళో పెట్టుకుని. "ఎవరో తాతయ్య. నన్ను గోడకి నిలబెట్టి కొలిచాడు. ఇంత పొట్టిగా ఉన్నావేంటని కోప్పడ్డాడు."

"ఇక చాలు!" హెడ్వికా స్టూలెక్కి, రోలరు కసిగా ఒత్తి గోడ మీద లాగింది. ఒకసారి. రెండుసార్లు. "చూడు. గీతా లేదు, గాడిదగుడ్డూ లేదు. వెళ్ళు అమ్మా, మా ఇంట్లోంచి వెళ్ళు."

"వెళ్తాను. పిల్లని తీసుకునే వెళ్తాను." బ్లాజెనా వంగి అనెష్కాని ఎత్తుకుంది. పిల్ల గౌను పొడిగా ఉంది. నేల పొడిగా ఉంది. చెయ్యి తల వెనక పెడితే మాత్రం జుట్టు ముద్దగా తడిసి ఉంది. వేళ్ళకి ఇసుక తగిలింది.

"ఇలా ఇవ్వు దాన్ని!" హెడ్వికా స్టూలు దిగి, రెండు చేతులతో పిల్లని లాక్కుంది.

ఆమె వెనక, ఇంకా ఆరని రంగు కింద...

టక్.

నాలుగో అంకె మొదలైంది.