తలుపు రబ్బరు

గడియారాల మేస్త్రీకి అరిగిపోయిన వస్తువంటే మహా ముద్దు. నలభై ఏళ్లు ఆవగింజంత చక్రాలు మార్చినవాడికి ఫ్రిజ్ తలుపు రబ్బరు మార్చడం ఒక లెక్కా? వీధి చివరి ఫ్రిజ్ మెకానిక్ మాత్రం చూసి పెదవి విరిచాడు. "రబ్బరొక్కటే కాదు బాబాయ్, దీని ఎముకలే అరిగాయి. కొత్తది కొనుక్కో."

కొనొచ్చు. కానీ అది వచ్చేదాకా ఆగితే మంచు అరలో ఉన్న స్టీలు డబ్బా ఏం కాను? అందులో ఉన్నది భార్య పోయే ముందురోజు వండిన కూర. ఆమె చేతివంటలో మిగిలింది ఇక అదే. ఎనిమిది నెలలుగా మేస్త్రీ దాన్ని తినలేదు, పారేయలేదు. రోజుకు పదిసార్లు తలుపు తీసి, డబ్బా ఉందో లేదో చూసి మూసేవాడు. రబ్బరు అరిగిందంటే అరగదూ మరి! ఈ మధ్య డబ్బా మీది మంచు కరిగి నీళ్లు కారుతుంటే ఆయన ప్రాణం విలవిల్లాడింది. ఎక్కడెక్కడో తిరిగి కొత్త రబ్బరు సంపాదించాడు.

ముసురు పట్టిన మధ్యాహ్నం. వంటింట్లో గుడ్డి వెలుతురు. ఫ్రిజ్ ఆపి, డబ్బాను మంచుగడ్డల బకెట్లో పెట్టాడు. పాత రబ్బరు ఊడదీస్తే బూజు వాసన గుప్పుమంది. కొత్తదాన్ని వేడినీళ్లలో మెత్తబరిచి, గాడిలో అంగుళం అంగుళం నొక్కాడు. డబ్బాను మళ్లీ అరలో పెట్టి తలుపు మూశాడు. ఇల్లలకగానే పండగ కాదు కదా, బిగువు చూడాలి. తలుపు సందులో కాగితం ముక్క పెట్టి మూసి లాగితే, అది ఊడి రాకూడదు.

పైన పట్టింది. కింద పట్టింది. పిడి వైపు పెట్టి లాగాడు...

లోపలి నుంచి కూడా ఎవరో లాగారు.

కాగితం వేళ్ల మధ్య నుంచి జారి లోపలికి పోయింది. బయట వాన చప్పుడు... లోపల అరలను ఎవరో తడుముతున్న చప్పుడు... ఇప్పుడే పొయ్యి మీంచి దించిన కూర వాసన.

భయం వేసింది. కానీ ఎనిమిది నెలలు ఒక్కడే ఉన్నవాడికి భయం కంటే ముందు ఆశ పుడుతుంది. తలుపుకి చెవి ఆనించాడు.

"ఏమే... నువ్వేనా?"

"నేనేనండీ."

ఆమె గొంతే. మేస్త్రీ కళ్లలో నీళ్లు తిరిగాయి. చేయి దానంతటదే పిడి మీదికి పోయింది.

"తలుపు తియ్యనా?"

"వద్దు... తియ్యకండి." ఆమె మరీ మెల్లగా అంది. "ఇక్కడ నేనొక్కదాన్నే లేను."

డబ్బా లోపలే ఉంది. ఆమె లోపలే ఉంది. అయినా మేస్త్రీ రెండు చేతులతో తలుపును అదిమిపట్టాడు. ఏడుస్తూనే అదిమిపట్టాడు.

కాసేపటికి పైనుంచి ఒక కాగితం కొస మెల్లగా బయటికి వచ్చింది... వెనక్కి పోయింది. తర్వాత కింద నుంచి. తర్వాత రెండు పక్కల నుంచీ. బిగువు ఎక్కడ తక్కువుందో లోపలి నుంచి చూస్తున్నారు.

ఆ తర్వాత నాలుగు వైపుల నుంచీ నాలుగు కాగితం కొసలు ఒక్కసారే వచ్చాయి.

లోపలికి పోయింది ఒక్క ముక్కే.